దడ్వాయి ఇంట్లో గోలీల తూకం

జమ్మికుంటలో పత్తి మార్కెట్ యార్డు వెనక వాడలో కరెంటు బిల్లు ఎగ్గొట్టడం సులువే గానీ బీపీ గోలీ ఎగ్గొట్టడం మాత్రం కష్టం. కరెంటాయన నెలకోసారి వస్తాడు. ఆశా వర్కర్ వందన రోజూ వస్తుంది. నూట ఎనభై ఇళ్లు ఆమెవి. ఏ ఇంట్లో ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరు పొద్దుటి గోలీని సాయంత్రానికి నెడతారు, ఎవరు డాక్టరు ముందు బుద్ధిగా తలూపి ఇంటికొచ్చి ఆ గోలీని జామచెట్టు మొదట్లో పడేస్తారు, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. పదకొండేళ్లుగా ఇదే పని. నల్లా దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లు కూడా వందన గొంతు వినబడితే బిందెలు దించి, కొంగు ముడి విప్పి గోలీలు చూపించేవాళ్లు.

అందరిలోకీ ఐలవ్వ మొండిది. డెబ్బై దాటిన మనిషి. తన గోలీలు అయిపోతే పక్కింటి యాదవ్వను అడిగి రెండు మింగేది. యాదవ్వకు తక్కువైతే ఐలవ్వ ఇచ్చేది. వాళ్లిద్దరి స్నేహం అట్లా ముప్పై ఏళ్లుగా నడుస్తోంది.

"గోలీలంటే చింతపండు అనుకున్నవా అవ్వా, అయిపోతే పక్కింట్ల అడిగి తెచ్చుకునెటందుకు?" అని వందన అరిస్తే వాడ చివరిదాకా వినబడేది. "యాదవ్వ రోగం వేరు, నీ రోగం వేరు. ఇప్పుడు నా ముంగటనే మింగు. నోరు తెరువు. నాలిక ఎత్తు."

ఐలవ్వ నాలుక ఎత్తేది. మనసులో ఏం తిట్టుకునేదో దేవుడికెరుక.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని పెద్దలు ఊరికే అన్నారా? నూట ఎనభై ఇళ్ల నాలుకలు ఎత్తి చూసిన వందన, తన ఇంటి అరుగు మీద మంచం వేసుకుని కూర్చునే మామ నాలుక మాత్రం ఎత్తి చూడలేదు. ఆయన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. ఆ మాటకొస్తే జమ్మికుంటలో ఎవరికీ రాదు.

ఎందుకంటే ఆయన దడ్వాయి బుచ్చిరాములు. దడ్వాయి అంటే యార్డులో పత్తి తూచే మనిషి. కాంటాకు ఒక పక్క రైతు, ఇంకో పక్క సేటు, మధ్యలో దడ్వాయి. ముల్లు గింజంత ఒరిగినా ఎవరో ఒకరి కడుపు కొట్టినట్టే. ముప్పై అయిదేళ్లు ఆ పని చేసి ఒక్క మచ్చ పడకుండా బయటికొచ్చిన మనిషి. సేటు చాయ్ పోయిస్తే, "రైతుది కూడ ఒక చాయ్ తాగుత, అప్పుడే నీది తాగుత" అనేవాడు. రైతు దగ్గర చాయ్‌కి పైసలు లేకపోతే సేటు చాయ్ కూడా ముట్టేవాడు కాదు. తాగితే ఇద్దరిదీ తాగాలి, లేకుంటే ఇద్దరిదీ మానాలి. అదీ ఆయన లెక్క. దాంతో ఎన్ని మధ్యాహ్నాలు ఎండలో నాలుక పిడచగట్టుకుపోయిందో లెక్కలేదు.

యార్డులో పని మానేశాడు గానీ కాంటా మాత్రం మనిషిలోంచి పోలేదు. ఉన్న రెండున్నర ఎకరాలను ముగ్గురు పిల్లలకూ గజాలతో కొలిపించి పంచాడు. ఆడపిల్లకు కూడా సమానమేనా అని కులపెద్దలు ముక్కున వేలేసుకుంటే, "ఆమె బరువు తక్కువనా?" అని అడిగాడు. భార్య పోయాక ఆమె ఇత్తడి బిందెలు ఏడు మిగిలాయి. ముగ్గురికి రెండేసి ఇచ్చాడు. ఏడోది ఎవరికిచ్చినా తూకం ఒరుగుతుందని అంగన్‌వాడీకి ఇచ్చేశాడు. ఇప్పటికీ ఆ బిందెలోనే పిల్లలకు తాగే నీళ్లు పడతారు.

అందరిలోకీ పెద్దది బిడ్డ పద్మలత, కరీంనగర్‌లో ఉంటుంది. మొగుడిది టైల్స్ షాపు. పెద్ద కొడుకు వెంకటేశ్ దుబాయిలో కంపెనీ బస్సు నడుపుతాడు. చిన్న కొడుకు సంపత్ ఇక్కడే ట్రాలీ ఆటో మీద పత్తిని జిన్నింగ్ మిల్లుకు మోస్తాడు. ఆ సంపత్ భార్యే వందన.

రెండేళ్ల కిందట మామకు తల తిరుగుతోందంటే బీపీ చూసింది వందనే. నూట డెబ్బై పైన ఉంది. సర్కారు దవాఖానలో డాక్టరుకు చూపించి, రోజుకొక తెల్ల గోలీ రాయించింది. పొద్దున ఏడింటికి తాను వాడలోకి వెళ్లేముందు, ఒక గ్లాసు నీళ్లు, పక్కన ఆ గోలీ మామ మంచం దగ్గర పెట్టేది. బీపీ దారికొచ్చింది. మామ సంతోషపడి అరుగు మీద కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

"మా సంపత్ గాడు బీపీ గోలీలు తెస్తుండు. మంచిగ పనిజేస్తున్నయ్."

సంపత్‌కు ఆ గోలీ ఏ రంగులో ఉంటుందో కూడా తెలియదు. తెచ్చేది వందన, పెట్టేది వందన. కానీ ఇంట్లో కోడలు తెచ్చింది కొడుకు లెక్కలోనే పడుతుంది కదా. వందన కూడా దానికి బాధపడలేదు. పడ్డా పైకి అనలేదు.

ఏడాదిన్నర అట్లా గడిచింది. బతుకమ్మకు పద్మలత వచ్చింది. తండ్రి మంచం మీద కాగితపు కవర్లో గోలీలు చూసి ముఖం అదోలా పెట్టింది. "సర్కారోళ్లు ముఫత్‌గ ఇచ్చే గోలీలా బాపూ? కన్నబిడ్డ కరీంనగర్ల ఉండంగ నువ్వు ముఫత్ గోలీలు మింగుతవా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. వారం తిరగకముందే కారు పంపించి తండ్రిని పెద్ద డాక్టరుకు చూపించింది. ఆ డాక్టరు అడగాల్సిందే అడిగాడు: ఇప్పుడేమైనా మందులు వాడుతున్నారా?

"ఏం లేవు సార్" అంది పద్మలత.

అబద్ధం చెప్పాలని కాదు పాపం. ఆమె దృష్టిలో పైసలు పెట్టి కొననిది మందే కాదు. ఇక ముసలాయన ఎందుకు నోరెత్తలేదంటారా? బిడ్డ "లేవు" అన్నాక తాను "ఉన్నయ్" అంటే ఆమెను డాక్టరు ముందు తక్కువ చేసినట్టవుతుందని ఊరుకున్నాడట. ప్రయాణపు అలసటకో ఏమో ఆ పూట బీపీ కొంచెం ఎక్కువే చూపించింది. అట్లా మెరిసే అట్టపెట్టెలో కరీంనగర్ గోలీ ఇంటికొచ్చింది. వచ్చేముందు పద్మలత ఒక మాట చెప్పి పంపింది. "వందనకు చెప్పకు బాపూ. ఆమె సర్కారు మనిషి, మొఖం మాడ్చుకుంటది. కీళ్ల డాక్టరుకు చూపెట్టినమని చెప్పు."

అక్క తండ్రిని డాక్టరుకు చూపించిందన్న సంగతి వీడియో కాల్‌లో దుబాయికి చేరింది. వెంకటేశ్‌కు నిద్ర పట్టలేదు. అక్క చూపించింది, తమ్ముడు తెస్తున్నాడు, పెద్ద కొడుకునైన నేను ఏం చేసినట్టు? మందుల దుకాణంలో పనిచేసే కేరళ దోస్తును పట్టుకుని, ఒక డబ్బా బీపీ గోలీలు సంపాదించాడు. సెలవు మీద వస్తున్న పక్క వాడ మల్లన్న సంచిలో సెంటు సీసా, బాదం పలుకులు, వాటి మధ్య ఆ డబ్బా. మీద అరబ్బీ అక్షరాలు.

"దుబాయి మందు తాకతే వేరు బాపూ. సంపత్‌కు చెప్పకు, చిన్నబోతడు" అని ఫోన్‌లో చెప్పాడు.

బుచ్చిరాములు ఇద్దరి రహస్యాలనూ సమానంగా దాచాడు. డబ్బాలు రెండూ మంచం కింది ట్రంకు పెట్టెలో పెట్టాడు. పొద్దున సంపత్ గోలీ, పగటాళ్ల బువ్వ తిన్నాక పద్మలత గోలీ, పొద్దుగూకినాక వెంకటేశ్ గోలీ. ఒకరిది మింగి ఇంకొకరిది వదిలితే వదిలిన వాళ్లను కాదన్నట్టే కదా. తూకం సరిపోయింది. ముసలాయన మనసు కూడా నిమ్మళమైంది.

కాళ్లు మాత్రం వాచాయి.

వందన వాపు చూసి ఉప్పు ఎక్కువైందని తేల్చేసింది. మామిడికాయ తొక్కు జాడీని అటక ఎక్కించింది. ఏ పాపం ఎరుగని తొక్కు! ముసలాయన తొక్కు లేని బువ్వను నీళ్లు పోసుకుని మింగాడు. పద్మలత ఫోన్‌లోనే డాక్టరును అడిగి, వాపు దిగడానికి ఇంకో గోలీ పంపింది. అది మింగితే మూత్రం ఎక్కువగా వస్తుంది, వాపు తగ్గుతుంది. ఇప్పుడు నాలుగు. ఒక గోలీ తెచ్చిన వాపుకు ఇంకో గోలీ. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనంటారు. ఇక్కడ ప్రేమ ఎక్కువై మనిషి నెత్తురే పలచబడ్డట్టయింది.

కార్తీకంలో ఒక పొద్దున వందన ఐలవ్వ ఇంట్లో నిలబడి గోలీల మీద ఉపన్యాసం ఇస్తోంది. అప్పుడే ఎవరో కేక వేశారు. "వందనా, మీ మామ నల్లా కాడ పడిపోయిండే!"

పరుగెత్తింది. బుచ్చిరాములు గచ్చు మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. నుదురు చిట్లి నెత్తురు కారుతోంది. బీపీ మిషన్ పట్టీ చుట్టింది. పై అంకె ఎనభై రెండు. పదకొండేళ్లలో ఎంతమందికి చూసిందో, ఇంత తక్కువ అంకె ఎన్నడూ చూడలేదు. సంపత్ ట్రాలీ ఆటోలో దూది అంటుకున్న టార్పాలిన్ పరదా మీదే పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయారు.

"ఏం మందులు వాడుతున్నాడమ్మా?" డాక్టరు అడిగాడు.

"ఒక్కటే సార్. నేను ఆశా వర్కర్‌ను. నా చేతులతోనే ఇస్తున్న. ఒక్క గోలీ తప్ప ఇంకోటి మింగడు" అంది వందన, ఎంత ధీమాగా అంటే పక్క మంచం రోగి కూడా నమ్మాడు.

కళ్లు మూసుకుని పడుకున్న బుచ్చిరాములు నిజం దాచలేకపోయాడు.

"నాలుగు సార్" అన్నాడు సన్నగా. "సంపత్‌ది ఒకటి, పద్మది ఒకటి, పెద్దోనిది ఒకటి. కాళ్లకు ఒకటి."

సంపత్ ఇంటికి పోయి ట్రంకు పెట్టె, మంచం మీది కాగితపు కవరు తెచ్చాడు. డాక్టరు ఒక్కోదాని మీద ఇంగ్లీషు సన్నక్షరాలు చదివి బీపీవి మూడింటినీ వరసగా బల్ల మీద పెట్టాడు. పేర్లు మూడు, తెచ్చినవాళ్లు ముగ్గురు, లోపల మందు ఒక్కటే. ఒక మనిషి ఒకే మందు మూడు పాళ్లు మింగుతున్నాడు. కాళ్ల వాపు తెచ్చిందీ అదే. వాపుకిచ్చిన గోలీ బీపీని ఇంకా కిందికి లాగింది. ఇదంతా చెప్పి, డాక్టరు వందన వైపు చూశాడు. తిట్టలేదు. "నువ్వు ఆశావు కదమ్మా?" అని మాత్రం అడిగాడు.

తిడితేనే బాగుండేది. వందన వరండాలోకి వచ్చి నీళ్ల ట్యాంకు వెనక నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. సిగ్గుతో కొంత, భయంతో ఎక్కువ. చిన్నప్పుడే తండ్రి పోయిన పిల్ల ఆమె. పెళ్లయిన ఏడాది, పదో తరగతి పరీక్ష మళ్లీ రాస్తానంటే అందరూ నవ్వారు. మామ ఒక్కడే నవ్వలేదు. ఆరు దినాలు సైకిల్ మీద ఎక్కించుకుపోయి, పరీక్ష అయ్యేదాకా బడి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ పరీక్ష పాసవడం వల్లే ఈ పని దొరికింది. ఆ మనిషి పోతే ఆమెకు తండ్రి రెండోసారి పోయినట్టే. అదీ తన కళ్ల ముందు, తన గోలీతో.

మూడో రోజుకు బుచ్చిరాములు తేరుకున్నాడు. ఇకనుంచి రోజుకు ఒక్కటే గోలీ, మిగతావన్నీ బంద్ అని రాసి డాక్టరు ఇంటికి పంపాడు. ఏ కంపెనీదైనా ఫరవాలేదు, ఒక్కటే మింగాలి అన్నాడు. చదువుకున్న డాక్టరుకు ఇది చిన్న మాట. ఇంట్లో ఇది పెద్ద పంచాయితీ అయి కూర్చుంది.

ముగ్గురూ ఒకే ఫోన్ కాల్‌లో కలిశారు. సంపత్ ఫోన్‌ను మంచం మీద పెట్టి స్పీకర్ వేశాడు.

"ముందుగాల ఎవల గోలీతోటి పడ్డడో అది తేల్చుర్రి" అంది పద్మలత.

"మూడూ ఒక్కటే మందట అక్కా" అన్నాడు సంపత్.

"ఒక్కటే అయినప్పుడు జర మంచిదే ఎయ్యరాదు? నేను దుబాయి నుంచి పంపింది పారబోస్తరా?" వెంకటేశ్ గొంతు.

"నేను పదిసార్లు దవాఖాన సుట్టు తిరిగిన. నాది పారబోస్తే నీకు సంబురమా?" మళ్లీ పద్మలత.

"వదినే, బావా, జర నా మాట ఇనుర్రి" వందన మధ్యలోకి వచ్చింది. "నేను దినాం బీపీ చూస్త. సర్కారు గోలీ అయితే నా కండ్ల ముంగట..."

"నువ్వు ఊకో వందనా. ఇది మా ముగ్గురి ముచ్చట" అంది పద్మలత.

బుచ్చిరాములు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాడు. ఫోన్‌లో పద్మలత ఏడ్చింది. వెంకటేశ్ లైన్ కట్ చేశాడు. ఏదీ తేలలేదు గనుక, ఇంట్లో ఉన్న గోలీయే గెలిచింది. వందన మిగతా డబ్బాలన్నీ తీసుకుపోయి దవాఖాన మందుల కిటికీలో అప్పగించింది. మర్నాటి నుంచి మళ్లీ గ్లాసు నీళ్లు, తెల్ల గోలీ.

నాలుగు రోజులు పక్కనే నిలబడి మింగించింది. అయిదో రోజు నుంచి ఇంటింటి సర్వే ఒకటి నెత్తిన పడింది. "నువ్వు పో బిడ్డా, నీ పని కరాబ్ చేసుకోకు" అన్నాడు మామ. పోయింది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ, గోలీ మాయం. గోడకు వేలాడే క్యాలెండర్ మీద ఒక టిక్కు కొట్టేది. అడిగి చూడలేదు, నాలుక ఎత్తించలేదు. పక్కవాళ్ల ఇంట్లో ఇట్లాంటి టిక్కు కనబడితే ఆమె క్యాలెండర్ చింపేసేది.

నెల గడిచింది. వాడ కమ్యూనిటీ హాల్లో బీపీ, షుగరు చూసే రోజు వచ్చింది. ముప్పై మందికి చూడాలని పైనుంచి మాట. మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది మంది వచ్చారు. నర్సు ప్రవళిక పుస్తకం చూపించింది. "ఒక్కలు తక్కువున్నరు వందనక్కా. ఎవలనన్న పట్టుకరా, సార్ వాళ్లు ఊకోరు."

వందనకు ఎండలో మళ్లీ వాడంతా తిరిగే ఓపిక లేదు. ఇంటికి పోయి మామ చెయ్యి పట్టుకుంది. "నాకిప్పుడేమైంది బిడ్డా? మంచిగనే ఉన్న" అని ఆయన. "నీకేం కాలే మామా. లెక్క కోసం. జర ఒక్క చెయ్యి చాపిపో" అని ఆమె. అంతే. ముప్పయ్యో మనిషిని నింపడానికి తీసుకొచ్చింది. మామ ఆరోగ్యం కోసం అని చెప్పుకోవడానికి నాకూ ఇష్టమే, కానీ అది నిజం కాదు.

ప్రవళిక పట్టీ చుట్టి చూసింది. ఇంకోసారి చూసింది. మిషన్ చెడిందేమోనని ఐలవ్వ చేతికి చుట్టి చూసింది. ఐలవ్వది బాగానే ఉంది. మళ్లీ బుచ్చిరాములుకు చుట్టింది. రెండు వందల ఎనిమిది.

ప్రవళిక మిషన్‌ను వందన వైపు తిప్పింది.

"మామా, గోలీ మింగుతున్నవు కదా?" వందన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"లేదు బిడ్డా. బంద్ పెట్టిన" అన్నాడు బుచ్చిరాములు, ఏదో మంచి పని చేసినవాడిలా.

"ఎప్పటి సంది?"

"నువ్వు సర్వేకు పోవుడు వెట్టినప్పటి సంది. పారెయ్యలేదు, సర్కారు సొమ్ము. అన్నీ తమలపాకుల డబ్బల దాసిన."

"ఎందుకు బంద్ పెట్టినవు? సచ్చిపోదామనా?"

"అట్ల కాదు. జర ఇను." ముసలాయన చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. "సంపత్ గాని గోలీ మింగి ఆ ఇద్దరిది ఆపితే న్యాయమెట్లయితది? పద్మ ఫోన్ల ఏడ్చె. పెద్దోడు ఇరవై దినాలాయె, ఫోనే చేస్తలేడు. మింగితే ముగ్గురిది మింగాలె. డాక్టరేమో వద్దనె. అందుకే ఎవలదీ మింగుతలే. ఇప్పుడు ముగ్గురూ ఒక్కతీరే."

ఐలవ్వ ఇన్నాళ్లకు తన వంతు వచ్చిందని సంతోషపడింది. "నాలిక ఎత్తి చూడకపోతివా వందనా?" అంది. నలుగురు నవ్వారు. ఆ నవ్వుతో వందనకు తల తిరిగిపోయింది. అక్కడ ముప్పై మంది ఉన్నారనీ, తాను కోడలిననీ, ఎదురుగా ఉన్నది మామ అనీ, ఏదీ గుర్తు లేదు.

"ముగ్గురూ ఒక్కతీరే! శాబాష్ మామా! నీ బిడ్డకొక వంతు, దుబాయి బావకొక వంతు, నీ చిన్న కొడుక్కొక వంతు. ఆయనకు ఆ గోలీ గుండ్రగ ఉంటదో, పొడుగ్గ ఉంటదో తెల్వదు, అయినా ఆయన వంతు ఆయనకున్నది! దవాఖానల లైన్ల నిలబడి తెచ్చెటిది ఎవలు? నీళ్లు పెట్టెటిది ఎవలు? నువ్వు పడితే నెత్తురు తుడిసింది ఎవలు? నా వంతు ఏదీ? పదిహేనేండ్ల సంది గా కాంటా మీద నన్నెన్నడన్న పెట్టినవా? నువ్వు పోతే వాళ్లు ముగ్గురు సమానంగ ఏడుస్తరు, మూడో దినం సమానంగ పోతరు. నేనెవల మొఖం చూసి బతకాలె?"

అని కింద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఐలవ్వ లేచొచ్చి ఆమె వీపు నిమిరింది.

యార్డులో బుచ్చిరాములు తూకం తప్పన్నవాళ్లు లేకపోలేదు. సేట్లు అరిచారు, రైతులు అరిచారు. ప్రతిసారీ ఆయన కాంటా మళ్లీ ఎత్తి చూపించేవాడు, అరిచినవాళ్లు తల దించుకుని పోయేవాళ్లు. ఇప్పుడు ఎత్తి చూపించడానికి ఏమీ లేదు. ముగ్గురు పిల్లలు, మూడు వంతులు, రెండేసి బిందెలు. ఏడో బిందె చేతిలో పట్టుకుని ఎవరికివ్వాలా అని రెండు రోజులు ఆలోచించిన మనిషికి, అప్పుడు పక్కనే కూర్చుని బిందెలు తోముతున్న కోడలు కనబడలేదు.

"తప్పు తూసిన బిడ్డా" అన్నాడు చివరికి.

ఆ మాట ఆయన నోట విన్నవాళ్లు జమ్మికుంటలో అంతకుముందు లేరు. ముప్పై మంది సాక్ష్యం.

దవాఖానలో సాయంత్రం దాకా ఉంచుకుని, బీపీని మెల్లగా దించి, అదే పాత గోలీ మళ్లీ మొదలుపెట్టి పంపారు. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే మూతి వంకర పోయేదో, కాలూ చెయ్యీ పడిపోయేవో చెప్పలేం అన్నాడు డాక్టరు. వందన మామ మందును ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆయన అంగీ జేబులో పెట్టి గుండీ వేసింది. ఏ డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకుపోయినా ముందు ఇదే చూపించాలని ఒట్టు వేయించుకుంది. మర్నాడు పొద్దున ఆయనే చెయ్యి చాపాడు.

"నీ గోలీ ఇటియ్యి బిడ్డా."

మింగాడు. ఎవరూ అడగకుండానే నోరు తెరిచి నాలుక ఎత్తాడు. వందన చూసింది. కళ్లలో నీళ్లు తిరగడంతో సరిగ్గా కనబడలేదు, మళ్లీ చూసింది. సర్వే ఆలస్యమైనందుకు ఆ రోజు పైవాళ్లతో మాట పడింది. పడితే పడింది.

ఇక ఆ ముగ్గురి సంగతి. పద్మలత కోపం వారంలో చల్లారి, మళ్లీ మెరిసే డబ్బా పంపింది. వెంకటేశ్ అలక ఇంకో వారం నడిచి, ఇంకో మనిషి సంచిలో ఇంకో అరబ్బీ డబ్బా వచ్చింది. చెబితే వినే రకం కాదు ఎవరూ. వచ్చినవి వచ్చినట్టు వందన దవాఖాన కిటికీలో అప్పగిస్తోంది. ఆమె డబ్బాలు అప్పగిస్తుంటే, ఈ ఇంట్లో అంత రోగమేమిటా అని మందులిచ్చే ఆయన ఆశ్చర్యపోతున్నాడు.

ఒక ఆదివారం పొద్దున వందన గోలీ, నీళ్లు పట్టుకుని వచ్చేసరికి మామ ఫోన్‌లో ఉన్నాడు. స్పీకర్ వేసి ఉంది.

"నా గోలీ ఏసుకుంటున్నవా బాపూ?" పద్మలత.

"దాంతోటే నడుస్తున్న బిడ్డా."

ఆ ఫోన్ పెట్టగానే దుబాయి. "బాపూ, మనది మింగుతున్నవా? ఎట్లున్నది?"

"దాంతోటే నడుస్తున్న కొడుకా."

అప్పుడే లేచి బయటికొచ్చిన సంపత్, ఆటో తాళం వెతుక్కుంటూ, అడగాలి కాబట్టి అడిగాడు. "గోలీ ఏసుకున్నవా బాపూ?"

"నీ గోలీతోటే నడుస్తున్న రా" అన్నాడు బుచ్చిరాములు. సంపత్ తృప్తిగా ఆటో స్టార్ట్ చేసుకుని పోయాడు.

వందన నోరు తెరుచుకుని నిలబడింది. "మామా! గిదేంది, గిట్ల అబద్ధాలు చెప్తున్నవు? అదీ నువ్వు?"

ముసలాయన అటూ ఇటూ చూశాడు. అరుగు మీద ఇంకెవరూ లేరని తేల్చుకుని, ఆమె ముందు అరచెయ్యి చాపాడు.

"ముగ్గురికీ ఒక్కతీరుగనే చెప్పిన కదా బిడ్డా" అన్నాడు. "ఒకలకు ఎక్కువ, ఒకలకు తక్కువ చెప్పలే. గోలీ ఇయ్యి, పొద్దెక్కుతున్నది."